దేవకుమారి గారి డబుల్ ఎక్స్

"ఏవండీ, చంపడానికి పనికొచ్చే కంప్యూటర్ ఏదైనా దొరుకుతుందాండి?"

1986 ఫిబ్రవరిలో ఓ మధ్యాహ్నం మా కొట్టు మెట్లెక్కి వచ్చి ఆవిడ అడిగిన మొదటి మాట ఇది. నా చేతిలోని సోల్డరింగ్ ఐరన్ జారి తొడ మీద పడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. దేవకుమారి గారి గురించి ఎవరడిగినా నేను ఆ మచ్చ దగ్గర్నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే ఆవిడ మా కొట్టుకి వచ్చిన పది నెలల్లోనూ నేను అదిరిపడని వారం లేదు.

నా పేరు గున్నేశ్వరరావు. మాది కిరాణా వ్యాపారుల కుటుంబం. మా నాన్నా అన్నలూ పప్పులూ బెల్లాలూ అమ్ముకుంటుంటే, నేనొక్కణ్ణే రేడియోల పిచ్చిలో పడి రాజమండ్రి మెయిన్ రోడ్డు వెనక సందులో రిపేరు కొట్టు పెట్టుకున్నాను. నాకు కోపం కాస్త ఎక్కువ. సెట్టు మీద కాఫీ ఒలకబోసుకుని తెచ్చి, "దానంతటదే ఆగిపోయిందండి" అనేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. కానీ ఆడవాళ్ళ మీద నోరు చేసుకోను. అందుకని తొడ నిమురుకుంటూ, "కంప్యూటరాండి? చంపడానికాండి?" అని మాత్రం అన్నాను.

ఆవిడకి నలభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. నీలం అంచు తెల్ల చీర, మెడలో సన్నటి గొలుసు, దానికి చిన్న శిలువ, చేతిలో గొడుగు. తంతి ఆఫీసులో టెలిగ్రాఫిస్టునని, ఇరవై ఏళ్ళుగా చుక్కలూ గీతలూ కొట్టే మోర్సు కీ మీదే పనిచేస్తున్నానని, రోజూ ధవళేశ్వరం నుంచి బస్సులో వస్తానని చెప్పారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారాలు లూథరన్ గుళ్ళో పాటలు పాడతారు. ఇంత సాధువైన మనిషికి చంపడమేంటని నా ఆశ్చర్యం.

"చంపడమంటే పగలగొట్టడం కాదండి. నేను కెర్నెల్ రాయడం నేర్చుకోవాలి. నేర్చుకునేవాళ్ళ చేతిలో మిషను రోజుకి పదిసార్లు చస్తుందట. చచ్చినా మళ్ళీ లేచేది కావాలండి" అన్నారు.

"కల్నలా? మిలటరీ వ్యవహారమాండి?"

"కల్నల్ కాదండి బాబూ, కెర్నెల్. జీడిగింజ కొడితే లోపల పప్పుంటుంది చూడండి, ఇంగ్లీషులో దాన్ని అలాగే అంటారు. కంప్యూటర్లోనూ అలాంటి పప్పు ఒకటుంటుందండి. ఏ పనికి ఎప్పుడు వంతివ్వాలో, దేన్ని ఎక్కడ ఆపాలో అదే చెబుతుంది."

నాకు అర్థమైనంతలో సంగతి ఇది. ఆ మధ్య వీళ్ళను హైదరాబాదులో మూడు వారాల ట్రైనింగుకి పంపారు. త్వరలో మోర్సు కీలు పోతాయి, ఎలక్ట్రానిక్ మిషను వస్తుంది, టెలిగ్రాములన్నీ అదే దాచుకుని అదే వరసగా పంపుతుంది అని పాఠం చెప్పారు. ఈవిడ లేచి, "పెద్ద టెలిగ్రాం ఒకటి పంపుతుండగా మధ్యలో డబుల్ ఎక్స్ వస్తే మిషను ఆగుతుందాండి?" అని అడిగారు. చావు కబురు మోసే టెలిగ్రాం నెత్తి మీద రెండు ఎక్సులు వేస్తారట. అది వస్తే మిగతావన్నీ పక్కకి తప్పుకుని దారివ్వాలి. పాఠం చెప్పే ఇంజనీరు నవ్వి, "అదంతా మిషను చూసుకుంటుందమ్మా, మీరు మీటలు నొక్కడం నేర్చుకోండి చాలు" అన్నాడు.

"ఎలా చూసుకుంటుందో ఆయనకీ తెలీదండి. మొహం చూస్తే తెలిసిపోయింది. అందుకే నేను తెలుసుకోవాలి" అన్నారు ఆవిడ. అక్కడి లైబ్రరీలో దొరికిన పుస్తకాన్ని రెండు వందల పేజీల నోటుబుక్కులోకి చేత్తో ఎక్కించుకుని తెచ్చారు. ఆ నోటుబుక్కు చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అప్పుడు నా దగ్గర ఒక డాక్టరు గారి కంప్యూటరు రిపేరుకొచ్చి ఉంది. సింగపూరు నుంచి తెప్పించుకున్నది. టీవీకి తగిలిస్తే రంగురంగుల బంతి ఒకటి తెరంతా గెంతుతుంది. చూడడానికి వీధిలో వాళ్ళందరూ వచ్చేవారు. నేను మహా గర్వంగా దాన్ని వెలిగించి చూపించాను. ఆవిడ రెండు నిమిషాలు బంతిని చూశారు.

"బాగుందండి. లోపలి పప్పు చూపిస్తారా?"

"అది చిప్పులో ఉంటుందండి. సీలు."

"పోనీ, ఏం రాశారో పుస్తకంలో అచ్చువేసి ఇచ్చారాండి?"

"ఎందుకిస్తారండి? అది కంపెనీ వాళ్ళ రహస్యం."

"మరి తాళం వేసిన వంటింట్లో నేను వంటెలా నేర్చుకుంటానండి?" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. నాకు చాలా అవమానంగా అనిపించింది. సింగపూరు మిషన్ని వద్దన్న మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

నా మాట మీదే తరవాత ఆవిడ ఊళ్ళో కొత్తగా పెట్టిన కంప్యూటర్ క్లాసుకి వెళ్ళారు. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలోకి కాళ్ళు తుడుచుకుని వెళ్ళాలి. మూడో రోజున అక్కడి మాస్టారితో, "మిషన్ని లేపే మీ డాస్ ప్రోగ్రాం పెట్టకుండా, నేను రాసిన ముక్కతోనే ఈ మిషన్ని లేపచ్చాండి?" అన్నారట. లేవదమ్మా, చచ్చిపోతుంది అన్నాడాయన. "చావనివ్వండి, మళ్ళీ లేపుదాం" అన్నారట ఈవిడ. ఆయన పరుగున వెళ్ళి ప్లగ్గు పీకేశాడు. ఆ మర్నాడు మా కొట్టుకొచ్చి, నవ్వకుండా నాకీ సంగతంతా చెప్పారు.

"ఆయన తప్పు లేదండి. పాతికమంది నేర్చుకునే మిషన్ని నేను రోజూ చంపడం మర్యాద కాదు. నాకు సొంతది ఉండాలి. రెండుంటే ఇంకా మంచిది. ఒకటి చస్తుంటే ఒకటి చూస్తుంటుంది."

రెండా! ఆ రోజుల్లో పీసీ అంటే ధవళేశ్వరంలో ఇంటి స్థలం కొన్నట్టే. ఇక మిగిలినవి బోర్డులు. ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠాలకి వాడే కిట్లు. పచ్చటి రేకు మీద నల్ల చిప్పులు, ఆరు ఎర్ర అంకెలు వెలిగే చిన్న కిటికీ, క్యాలిక్యులేటరుకున్నట్టు మీటలు. తెర లేదు, బంతి లేదు. దాన్ని కంప్యూటరనడానికి నాకే నామోషీగా ఉండేది. ఆవిడ మాత్రం ఆ కిట్ల బొమ్మలున్న కాగితాలు చూసి మొదటిసారి నవ్వారు.

కిట్లు చేసే నాలుగు కంపెనీలకి ఉత్తరాలు రాశారు. అందరికీ అవే మూడు ప్రశ్నలు. లోపలి ప్రోగ్రామంతా అక్షరం వదలకుండా అచ్చువేసి ఇస్తారా? చచ్చిపోతే ఒక్క మీటతో లేస్తుందా? మిషను కాదనడానికి వీల్లేని పిలుపు తీగ ఒకటుంటుంది కదా, అది ఖాళీగా ఉందా, మీరే దేనికైనా వాడేసుకున్నారా?

జవాబులు మా కొట్టు అడ్రసుకే వచ్చాయి. మొదటిది చదివి పొలమారింది నాకు. 'ప్రొఫెసర్ దేవకుమార్ గారికి' అని మొదలుపెట్టి, మీ విభాగంలో విద్యార్థులెందరు అని అడిగారు. రెండో కంపెనీవాళ్ళు ఇలాంటి ప్రశ్నలు ఇంతవరకూ ఎవరూ అడగలేదని, తమ ఇంజనీరు సెలవులో ఉన్నారని రాశారు. మూడోవాళ్ళ బోర్డు అన్నిటికన్నా అందమైనది, పక్కన చిన్న తెర కూడా ఉంది. మొదటి రెండు ప్రశ్నలకీ సరేనన్నారు. మూడో దానికి, ఆ తీగను మేమే వాడుకున్నాం అన్నారు. నాలుగో ఉత్తరం బెంగుళూరు నుంచి వచ్చింది. మూడు పేజీలు. అన్నిటికీ సరే. చివర్న ఇంకు పెన్నుతో, 'ఆ తీగ మీకెందుకో తెలుసుకోవచ్చునా?' అని ఎవరో రాశారు.

నేను మూడోది కొనమన్నాను. ఆవిడ నాలుగోది అన్నారు. వారం రోజులు వాదించుకున్నాం. చివరికి నా కోపం నా మాట వినలేదు.

"ఏంటండీ ఆ తీగ గొప్పతనం? తెర ఉన్న బోర్డు వదిలేసి, ఒక్క తీగ కోసం ఆ రేకుముక్క కొంటారాండి? మీరు చదువుకున్నావిడని చెబితే జనం నవ్వుతారు!"

ఆవిడ కోప్పడలేదు. స్టూలు లాక్కుని కూచున్నారు.

"ఈ చిప్పుకి పిలుపు తీగలు ఐదుంటాయండి. నాలుగింటిని మిషను 'ఇప్పుడు కాదు' అని పక్కన పెట్టచ్చు. ఐదోదాన్ని పెట్టలేదు. ఎంత పనిలో ఉన్నా వినాల్సిందే. డబుల్ ఎక్స్ దానికి కట్టాలండి. వినాలా వద్దా అన్నది పనిలో ఉన్నవాళ్ళకి వదలకూడదు. నాకు తెలుసు."

అప్పుడు చెప్పారు. 1969లో ఆవిడకి ఇరవై నాలుగేళ్ళు. వేరే ఊళ్ళో ఉద్యోగం. ఆ ఊరి పేరు ఇక్కడ అనవసరం. వాళ్ళమ్మగారు నరసాపురం వైపు పల్లెలో ఒంటరిగా ఉండేవారు. అక్కడి చిన్న తంతి ఆఫీసుకీ ఈవిడ ఆఫీసుకీ మధ్య తీగ ఒక్కటే. ఒకరు పంపుతుంటే రెండోవారు వినాలి. అవతలివారికి అర్జంటైతే మధ్యలో తమ కీ నొక్కి ఆగమని అడగాలి. ఆ రోజు ఉదయం లేసు వ్యాపారులకి పై ఊళ్ళ నుంచి వచ్చిన ఆర్డర్లు కుప్ప పడి ఉన్నాయి. ఒక్కోటి వంద మాటలకి తక్కువ లేదు. ఈవిడ ఆ ఆఫీసులోకెల్లా వడిగా పంపే మనిషి. ఆ పేరంటే ఈవిడకి చాలా ఇష్టం. పావు తక్కువ పదికి మొదలుపెట్టి ఊపిరి తిప్పుకోకుండా పంపుతూ పోయారు. పది గంటలప్పుడు అవతలి నుంచి రెండుసార్లు అడ్డం వచ్చింది.

"అవతలాయనకి నా వేగం అందక, మళ్ళీ చెప్పమంటున్నాడనుకున్నానండి. చివర్న చెప్పచ్చులే అని ఆగలేదు. పదకొండింటికి డ్యూటీ దిగాను. నా తరవాత కూచున్నాయన ఐదు నిమిషాల్లో కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. డబుల్ ఎక్స్. అవతల ఇచ్చిన టైము పది తక్కువ పది అని వేసి ఉంది. అమ్మ పోయిందని. నాలుగింటికి సమాధి చేస్తామని. మా ఊరి బస్సు పదిన్నరకి వెళ్ళిపోయిందండి. తరవాతిది ఒంటిగంటకి. నేను మా ఊళ్ళో బస్సు దిగేసరికి అందరూ చేతులు కడుక్కుని వచ్చేస్తున్నారు."

తన తల్లి చావు కబురుకి ఈవిడే అడ్డం కూచున్నారా! ఇంతసేపూ ఏదో సరదా పిచ్చి అనుకుంటున్నాను. 'జనం నవ్వుతారు' అన్న నా మాటకి నాకే సిగ్గేసింది. ఆ సాయంత్రమే బెంగుళూరుకి ఆర్డరు రాశాం. రెండు బోర్డులు.

మే నెలలో వచ్చాయి. మా కొట్టు వెనక గదిలో బల్ల వేశాను. ఐదు వోల్టుల సప్లై నేనే కట్టాను. కరెంటు పోతే మిషను అంతా మరిచిపోతుంది కనక స్కూటరు బ్యాటరీ ఒకటి తగిలించాను. రాసిన ప్రోగ్రాం దాచుకోవడానికి ఒక టేప్ రికార్డరు. తుక్కు వేలంలో కొన్న పాత మోర్సు కీని ఆ ఐదో తీగకి సోల్డరు చేశాను. ఉదయం డ్యూటీ దిగి పదకొండున్నరకి వచ్చి, నాలుగు దాకా కూచునేవారు ఆవిడ.

ఆ వేళ్ళు చూడాలి! నేను ఒక పేజీ అంకెలు కొట్టడానికి గంట పట్టేది, అందులో పది తప్పులు. ఆవిడ నాలుగు నిమిషాల్లో కొట్టేసేవారు. కొట్టిన ప్రోగ్రాం నడిచేది కాదు. కిటికీలో ఆరు అంకెలూ ఏదో పిచ్చి గీతల్లో ఆగిపోయేవి. "చచ్చిందండి" అని నోటుబుక్కులో ఒక గీత గీసి, మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టేవారు. ఒకరోజు ఓ పెద్దమనిషి రేడియో తెచ్చి నిలబడి ఉండగా లోపల్నుంచి, "పొద్దున్నించి నాలుగు చచ్చాయండి గున్నేశ్వరరావు గారూ, ఐదోది కొట్టుకుంటోంది" అని వినపడింది. ఆయన రేడియో అక్కడే వదిలేసి వీధి చివరికి వెళ్ళి నిలబడ్డాడు.

ఇంకోసారి మా ఆవిడ తలుపులమ్మ, శుక్రవారం పూజకి పాటల క్యాసెట్టనుకుని, ఆవిడ ప్రోగ్రాం క్యాసెట్టు పెట్టింది. కీచుమని చెవులు చిల్లులు పడే గోల. దేవుడి ముందు హారతి పళ్ళెం నేలపాలు. ఇంట్లో ఏదో దూరిందని మా ఆవిడ కేకలు. ఆ మర్నాడు సంగతి చెప్పి ఆ గోల వినిపిస్తే, దేవకుమారి గారు తల పక్కకి వంచి విని, "అక్కడ టేపు నలిగిందండి, ఒక అక్షరం పోయుంటుంది" అన్నారు. తీసి చూస్తే నిజంగానే నలిగి ఉంది. మా ఆవిడ ఆ తరవాత ఆవిడ ఎదురుగా గట్టిగా మాట్లాడ్డం మానేసింది.

ఆ ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద సంగతి ఈ వైపువాళ్ళకి చెప్పనక్కర్లేదు. మూడు వారాలు ఆవిడ కనపడలేదు. వచ్చినప్పుడు మనిషి సగమయ్యారు.

"ఆ రోజుల్లో వచ్చినవన్నీ డబుల్ ఎక్సులేనండి. అన్నీ ముందు వెళ్ళాల్సినవే. ఏది ముందు?" అని అడిగారు. ఆవిడ నోటుబుక్కులో పదకొండు పేజీలు అడ్డంగా కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టారు. ఒక చావు కబురు వెళుతుండగా ఇంకోటి వస్తే మొదటిదాన్ని తోసేయకూడదు, వచ్చిన వరసలో నిలబెట్టాలి. అంతవరకూ ఆవిడ రాసింది మొదటిదాన్ని మింగేసేది.

అసలు కష్టం ఆపడంలో లేదని అప్పటికి నాకూ తెలిసింది. ఆపిన పనిని, అక్షరం సగంలో ఉన్నా సరే, అదే సగం దగ్గర మళ్ళీ ఎత్తుకోవాలి. నవంబరు దాకా ఎత్తుకోలేదు. నోటుబుక్కులో గీతలు లెక్కపెడితే రెండు వందల ముప్ఫై ఒక్క చావులు. ఇన్ని చావులు చూసి కూడా ఈ మనిషి మర్నాడు మళ్ళీ గొడుగేసుకుని ఎలా వస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. డిసెంబరు మొదట్లో ఒక మంగళవారం, "ఇవాళ చావలేదండి" అన్నారు. గొంతులో సంతోషం లేదు, భయముంది.

నేను కీ నొక్కబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"మీరు కాదండి. నొక్కాల్సిన ఆయన వేరే ఉన్నారు."

1969లో ఆ రోజు అవతల కీ దగ్గర కూచున్న మనిషి పేరు సత్తియ్య. మూడేళ్ళు ఒకే తీగ మీద పనిచేసినా వీళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆయన రిటైరై నరసాపురంలో ఉన్నాడని కనుక్కుని ఉత్తరం రాశారు. ఆ శనివారం మధ్యాహ్నం ఆయన బస్సు దిగి వచ్చాడు. ఎండిపోయిన ముసలాయన, తెల్ల పంచె, చంకలో సంచి. మెట్టు మీద నిలబడి ఆవిడకేసి చాలాసేపు చూశాడు.

"కీ మీద మీ చెయ్యి నడిచే తీరుని బట్టి మీరు బాగా ఎత్తుగా ఉంటారనుకున్నానండి" అన్నాడు.

నవ్వి ఆయన్ని బల్ల ముందు కూచోబెట్టారు. ఒక బోర్డు రెండోదానికి ఆగకుండా అక్షరాలు పంపడం మొదలుపెట్టింది. కిటికీలో అంకెలు పరుగెడుతున్నాయి.

"ఇది నేనండి, సత్తియ్య గారూ. పంపుతూనే ఉంటుంది. మీరు ఆ రోజు నొక్కినట్టే నొక్కండి."

ఆయన వేలు కీ మీద పెట్టి ఒక్కసారి నొక్కాడు. అంకెలు ఠక్కున ఆగాయి. రెండు ఎర్ర దీపాలు వెలిగాయి. డబుల్ ఎక్స్ దారి చేసుకుని వెళ్ళిపోయింది. దీపాలు ఆరాయి. అంకెలు ఆగినచోట మళ్ళీ ఎత్తుకున్నాయి. నేను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. వాళ్ళిద్దరూ కదల్లేదు.

"చూశారా అండి? రెప్పపాటు కూడా పట్టలేదు" అన్నారు దేవకుమారి గారు. "దీనికి నేను రాసింది ఒకటిన్నర పేజీ. ప్రాణం లేని రేకు ఒక్క పిలుపుకి ఆగింది. మీరు రెండుసార్లు పిలిచారు, నేను ఆగలేదు. మిమ్మల్ని క్షమించమని అడగడానికే పిలిపించానండి."

సత్తియ్య గారు కుర్చీలోంచి లేచిపోయారు.

"అమ్మా, ఆగండి. మీరు నన్నడగడమేంటండి? ఇన్నాళ్ళూ మీరు... అలా అనుకుంటున్నారాండి?"

"ఏమనుకోవాలండి మరి?"

ఆయన గోడ పట్టుకున్నారు.

"మొదటిసారి నొక్కినప్పుడు మీరు వినలేదండి, నిజమే. ఫారం తీసి మళ్ళీ చూసుకున్నాను. అప్పుడు చూశానండి చిరునామా. మీ పేరు. తీగకి అవతల ఉన్నది మీ చెయ్యే. అది నాకు తెలీదేంటండి? రెండోసారి నొక్కాను. మీ చెయ్యి నెమ్మదించిందండి. ఇంకొక్కసారి నొక్కితే ఆగుతారు. ఆగి, పెన్సిలు తీసుకుంటారు. నేను పంపుతుంటే, మీ అమ్మగారు పోయారన్న మాట మీ చేత్తోనే మీరు ఒక్కో అక్షరం రాసుకోవాలి. నా వల్ల కాలేదండి. చెయ్యి తీసేశాను. పదకొండుకి మీరు దిగుతారు కదా, తరవాతాయన పక్కన కూచోబెట్టి మెల్లిగా చెబుతాడులే అనుకున్నాను. బస్సు సంగతి నాకు తోచలేదండి. ఆయ్, తోచలేదండి."

నాకు కోపం ముంచుకొచ్చింది. "పదిహేడేళ్ళండీ! ఒక్క ఉత్తరం ముక్క రాయడానికి మీకు చేతులు రాలేదాండి?" అని అరిచేశాను. పెద్దాయన, పరాయి మనిషి అని కూడా చూడలేదు.

"రాద్దామనుకున్నప్పుడల్లా, ఆవిడకి ఈ సంగతి తెలీదు కదా, తెలీకపోవడమే మంచిదనుకున్నానండి. తప్పు తన మీద వేసుకున్నారని నాకెలా తెలుస్తుందండి?" అన్నారాయన. కళ్ళు తుడుచుకోవడం కూడా ఆయనకి తోచలేదు.

ఆవిడ ఆయన్ని తిడతారనుకున్నాను, కనీసం లేచి వెళ్ళిపోతారనుకున్నాను. ఆవిడ ఆయనకేసి ఒక అడుగు వేశారు.

"నెమ్మదించిందా అండి?"

"ఏంటమ్మా?"

"నా చెయ్యి. రెండోసారికి నెమ్మదించిందన్నారు. నన్ను ఓదార్చడానికి అంటున్నారా, నిజంగానా?"

"ముప్ఫై ఏళ్ళు వినడమేనండి నా ఉద్యోగం. చేతి సంగతి నేను అబద్ధం చెప్పను. నెమ్మదించింది. మీరు ఆగబోతున్నారండి. ఆగబోతున్నారని తెలిసే నేను చెయ్యి తీసేశాను."

దేవకుమారి గారు స్టూలు మీద కూలబడి, "అమ్మా" అని ఒక్కసారిగా పెద్దగా ఏడ్చారు. ఆ పది నెలల్లో ఆవిడ కంట నీళ్ళు చూడటం నాకదే మొదలు. సత్తియ్య గారు వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద కూచున్నారు. నేను కొట్టు షట్టరు సగానికి దించి, బయట మెట్టు మీద కూచుని, రేడియోలు తెచ్చినవాళ్ళను రేపు రమ్మని పంపేశాను.